కొలిమి దగ్గర కబుర్లు: ఐర్లండు పల్లెల పనివాళ్ళు
(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఐర్లండు అనగానే మనలో చాలామందికి మ్యాపులో ఇంగ్లండు పక్కనున్న చిన్న ద్వీపమే కళ్ళ ముందు కదులుతుంది. కాస్త చరిత్ర చదువుకున్నవాళ్ళకి బంగాళాదుంపల కరువూ, స్వాతంత్ర్య పోరాటమూ గుర్తొస్తాయి. చిత్తూరు ప్రాంతంవాళ్ళకి మాత్రం ఇంకో చుట్టరికం కూడా ఉందండోయ్. 1919లో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె వచ్చినప్పుడు 'జనగణమన'కు స్వరలిపి వ్రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ ఆ దేశపు ఆడపడుచే. రాస్‌కామన్ జిల్లాలో బాయిల్ అనే చిన్న ఊళ్ళో 1878లో పుట్టింది. అలాంటి ఊళ్ళలో ఆ కాలంలో ఎవరెవరు ఉండేవారు, ఏ పని చేసుకు బతికేవారు, జనం వాళ్ళని గురించి ఏం చెప్పుకునేవారు, ఇవాళ ఆ సంగతులు చెప్పుకుందాం.

"అంత దూరపు ఊళ్ళ కబుర్లు నీకెలా తెలుసమ్మా?" అంటారేమో. ఆ కబుర్లని భద్రపరచినవాళ్ళు చిన్నపిల్లలు. 1935లో అక్కడి ప్రభుత్వం జానపద విషయాలు సేకరించడానికని ఒక సంఘాన్ని ఏర్పాటు చేసింది. దానికి పెద్ద జేమ్స్ డెలార్గీ అనే పండితుడు. దేశమంతా తిరగడానికి పూర్తికాలపు మనుషులు కొద్దిమందే ఉండేవారు. డబ్బూ లేదు. అప్పుడు తట్టింది వాళ్ళకి, ఊరూరా బడి ఉంది కదా అని. 1937 నుంచి 1939 దాకా పై తరగతుల పిల్లలకి వారం వారం వ్రాసే వ్యాసం మాన్పించి, "మీ తాతనీ, అమ్మమ్మనీ, పక్కింటి ముసలాయననీ అడిగి, వాళ్ళు చెప్పింది వ్రాసుకు రండి" అన్నారు. ఏమేం అడగాలో ఉపాధ్యాయులకి ఒక చిన్న పుస్తకం అచ్చువేసి ఇచ్చారు. అందులో యాభై అయిదు అంశాలు. ఊరి కొలిమి, పాతకాలపు చేతిపనులు, ఊళ్ళ వెంట తిరిగేవాళ్ళు, రొట్టె, వెన్న చిలకడం, ఆఖరికి కాళ్ళకి చెప్పులు ఏ వయసులో తొడిగేవారన్నది కూడా! దాదాపు 5,000 బడుల్లో 50,000 మంది పిల్లలు వ్రాశారు. అన్నీ కలిపితే 7,40,000 పేజీలు. పదకొండు నించి పధ్నాలుగేళ్ళ పిల్లలు, గుండ్రటి దస్తూరీతో. ఇవాళ ఆ పేజీలని కంప్యూటర్ మీద ఎవరైనా చూడవచ్చు.

ఇంత పెద్ద రాశిలో కొలిమి గురించిన వ్రాతలు కోకొల్లలు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. పిల్లవాడు బడినుంచి వస్తూ ఆగి చూసే చోటు అదే కదా! నిప్పు, రవ్వలు, తిత్తి ఊదే చప్పుడు, గుర్రం కాలెత్తి పట్టుకున్న మనిషి. కొలిమి నాలుగు దారులు కలిసేచోటో, వాగు పక్కనో ఉండేది. కాల్చిన ఇనుముకీ, బండి చక్రాలకీ నీళ్ళు కావాలి గనుక వాగు. గుర్రాలు నాలుగువైపుల నుంచీ రావాలి గనుక కూడలి. కమ్మరి దున్నే నాగలికి కర్రు సరిచేసేవాడు, పారలూ కొడవళ్ళూ చేసేవాడు, గుర్రాలకి లాడాలు కొట్టేవాడు, గేట్లు చేసేవాడు. వాన రోజుల్లో పొలంపని ఉండదు కాబట్టి మగవాళ్ళంతా అక్కడే చేరేవారు. ఊళ్ళో వార్తలు అక్కడే పుట్టేవి, అక్కడే పెరిగేవి. ఆడవాళ్ళు అక్కడ కూర్చునే అలవాటు లేదు. మనకి నూతి గట్టు ఎలాగో వాళ్ళకి కొలిమి అలాగన్నమాట. ఇద్దరి కబుర్లలో ఎవరివి ఎక్కువ కారంగా ఉంటాయో నేను చెప్పను.

కమ్మరి అంటే జనానికి గౌరవమూ ఉంది, కొంచెం భయమూ ఉంది. ఇనుముని మైనంలా వంచేవాడికి మామూలు మనిషికి లేని శక్తి ఏదో ఉందని నమ్మకం. కాలిన ఇనుమును ముంచే తొట్టిలో నీళ్ళతో కడిగితే పులిపిర్లు రాలిపోతాయని నమ్మేవారు. పిల్లలు ఈ వైద్యం గురించి ఎన్ని చోట్ల వ్రాశారో లెక్కలేదు. మరోటి ఉంది. కమ్మరికి ఎవరిమీదైనా కోపం వచ్చి, దాగలిని తిప్పుతూ శపిస్తే ఆ శాపం తప్పక తగులుతుందట. అందుకని కమ్మరితో తగవు పెట్టుకోవడానికి ఎవరూ సాహసించేవారు కాదు. ఈ భయం వెనక ఇంకో నిజమైన చరిత్ర కూడా లేకపోలేదు. 1798లో ఇంగ్లీషు ప్రభుత్వం మీద తిరుగుబాటు జరిగినప్పుడు రైతులకి తుపాకులు లేవు. పొడవాటి కర్రలకి తగిలించే ఈటె మొనలు ఊరి కొలుముల్లో రహస్యంగా తయారయ్యాయి. ఆ రోజుల్లో అనుమానం ముందుగా కమ్మరి మీదికే పోయేది. నాగలి కర్రు కొట్టే చెయ్యి ఈటె కూడా కొట్టగలదని సర్కారుకి తెలియదా మరి.

కొలిమి దగ్గర అన్నిటికన్నా పెద్ద వేడుక బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం. చక్రం చేసేది వడ్రంగి. అందులో మూడు రకాల కర్ర. చక్రం నడుమనుండే కుండకి ఎల్మ్ చెట్టు కర్ర, ఎందుకంటే దాని నార మెలికలు తిరిగి ఉంటుంది, ఎన్ని తొలులు తొలిచినా పగలదు. ఆకులకి ఓక్ కర్ర, బరువు మోయాలి గనుక. బయటి వంపు చెక్కలకి యాష్ కర్ర, అది దెబ్బకి విరగకుండా సాగుతుంది. చక్రం పూర్తయ్యాక కమ్మరి పని. పట్టాని చక్రం చుట్టుకొలత కన్నా కొంచెం తక్కువగా చేస్తాడు. ఎంత తక్కువ అన్నదే ఆ విద్యలో కీలకం. అక్కడ చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టే మట్టిగడ్డలుంటాయి, టర్ఫ్ అంటారు, వాళ్ళకి వంటచెరకూ అదే. ఆ గడ్డల్ని గుండ్రంగా పేర్చి మంట పెట్టి, పట్టాని అందులో ఎర్రగా కాలుస్తారు. కాలిన ఇనుము వ్యాకోచిస్తుంది. ముగ్గురు నలుగురు పట్టకారులతో ఎత్తి చక్రం మీద దించి, సమ్మెటలతో కొట్టి, వెంటనే బొక్కెనలతో నీళ్ళు పోస్తారు. ఇనుము ముడుచుకుంటూ వంపు చెక్కల్నీ, ఆకుల్నీ, కుండనీ ఒక్కటిగా బిగించేస్తుంది. ఒక్క మేకు అక్కర్లేదు. పట్టా వదులైతే ఎండాకాలంలో జారిపోతుంది, మరీ బిగువైతే ఆకులు వంగిపోతాయి. ఒక్క చక్రం కోసం అంత నిప్పు చేస్తే గిట్టదు గనుక చుట్టుపట్ల రైతులందరూ ఒకే రోజు చక్రాలు దొర్లించుకుంటూ వచ్చేవారు. ఊరంతటికీ పండగలా ఉండేది.

ఇళ్ళ కప్పులు నేసేవాడి సంగతి క్లుప్తంగా చెబుతాను. గోధుమ గడ్డి, ఓట్స్ గడ్డి, రెల్లు, అవిసె కాడలు, ఏ ప్రాంతంలో ఏది దొరికితే దానితో కప్పు వేసేవారు. గోధుమ గడ్డి ఓట్స్ గడ్డి కన్నా ఎక్కువ ఏళ్ళు నిలుస్తుంది. గడ్డి కదలకుండా హేజెల్ కొమ్మల్నో, విల్లో కొమ్మల్నో చీల్చి, మెలిపెట్టి గుచ్చేవారు. పడమటి సముద్రతీరంలో ఈ పప్పులుడకవు. అట్లాంటిక్ మీంచి వచ్చే గాలి కప్పునే ఎత్తుకుపోతుంది. అందుకని అక్కడ కప్పు మీదుగా తాళ్ళు వేసి, గోడల్లో బిగించిన రాతి కొయ్యలకి కట్టేవారు. కోత, నూర్పు ఒకేసారి చేసే యంత్రాలు వచ్చాక గడ్డి నలిగి ముక్కలై పోయింది. నలిగిన గడ్డి కప్పుకి పనికిరాదు. అలా కప్పు వేసేవాడి పని ఎవరూ మానమనకుండానే మానిపోయింది.

ఊళ్ళో కాపురముండే పనివాళ్ళు ఒక ఎత్తు. ఊరికి వచ్చిపోయేవాళ్ళు మరో ఎత్తు. వీళ్ళల్లో ముఖ్యులు రేకుపని చేసే సంచారులు. గుడారాలు, గుర్రపు బళ్ళు, పిల్లాజెల్లాతో వచ్చి ఊరిబయట దిగేవారు. తగరపు రేకుతో పాలక్యానులు, చెంబులు, బొక్కెనలు, లాంతర్లు చేసేవారు. కారే గిన్నెలకి మాట్లు వేసేవారు. గుర్రాలు, గాడిదలు అమ్మేవారు, కొనేవారు. వాళ్ళకి తమలో తాము మాట్లాడుకునే ఒక భాష ఉంది. గృహిణి లెక్క ప్రకారం చూస్తే వాళ్ళు రాకపోతే పాలు పట్టడానికి క్యాను లేదు, నీళ్ళు తేవడానికి బొక్కెన లేదు. అయినా ఊళ్ళవాళ్ళకి వాళ్ళంటే చిన్నచూపే. గిన్నె అవసరమైనప్పుడు తలుపు తీసేవారు, కోడి కనబడనప్పుడు వాళ్ళ మీద నింద వేసేవారు. 1950ల తరవాత ఎనామెల్, ప్లాస్టిక్ సామాన్లు చవగ్గా వచ్చిపడ్డాయి. రేకుపని పోయింది. పని పోయాక మిగిలింది చిన్నచూపు ఒక్కటే. 1963లో ప్రభుత్వ సంఘం ఒకటి వాళ్ళ గురించి నివేదిక ఇచ్చింది. వాళ్ళ సంచారాన్ని ఒక 'సమస్య'గా చూసి, ఒక చోట స్థిరపరచి మిగతా జనంలో కలిపెయ్యాలన్నది దాని ధోరణి. వాళ్ళది ప్రత్యేకమైన జాతి, ప్రత్యేకమైన సంస్కృతి అని ప్రభుత్వం ఒప్పుకోవడానికి 2017 మార్చి 1 దాకా పట్టింది. ఆ మాట పార్లమెంటులో ప్రధానమంత్రి నోట వినడానికి ఆ జాతి ఆడవాళ్ళూ మగవాళ్ళూ పెద్ద సంఖ్యలో వచ్చారు.

తిరిగే దర్జీ సంగతి వేరు. అతనికి అందరి ఇళ్ళలోనూ ఆదరణే. ఇంట్లో నేయించిన ఉన్నిబట్ట సిద్ధమయ్యాక దర్జీకి కబురు పంపేవారు. అతను వచ్చి బల్ల మీద కాళ్ళు మడుచుకు కూర్చుని, ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టేదాకా అక్కడే ఉండేవాడు. భోజనం, పడక అక్కడే. చేతులు కుడుతూ ఉంటే నోరు ఊరుకుంటుందా? పై ఊళ్ళ పెళ్ళిళ్ళు, తగాదాలు, దయ్యాల కథలు అన్నీ అతని సంచిలోంచే వచ్చేవి. దర్జీ వచ్చిన రాత్రి ఇరుగుపొరుగు అందరూ ఆ ఇంటి పొయ్యి చుట్టూ చేరేవారు.

అలాంటి దర్జీ ఒకాయన కథ చెప్పకుండా ముందుకు పోలేను. కార్క్ జిల్లాలో గూగన్ బారా అనే సరస్సు దగ్గర టిమొతీ బక్లీ అని ఉండేవాడు. చిన్నప్పుడు జబ్బుచేసి ఒక కాలు చచ్చుబడింది. పొలంపని చేయలేడు కాబట్టి కుట్టుపని నేర్చుకున్నాడు. భార్య పేరు ఆన్‌స్టీ. ఆయన కబుర్లు చెబుతూ కూర్చోవడం, ఆవిడ ఆవునీ ఇంటినీ చూసుకుంటూ ఆయన్ని దెప్పడం, ఇదీ వాళ్ళ సంసారం. ఆయన మాటలు వినడానికి పండితులూ, రచయితలూ, శిల్పులూ ఆ గుడిసెకి వచ్చేవారు. వాళ్ళలో ఎరిక్ క్రాస్ అనే ఆయన వీళ్ళిద్దరి కబుర్లనీ వ్రాసి 1942లో 'ది టైలర్ అండ్ ఆన్‌స్టీ' అనే పుస్తకంగా వేశాడు. పల్లెటూరి మనిషి పశువుల చూడి గురించీ, ఆలుమగల గురించీ దాపరికం లేకుండా ఎలా మాట్లాడతాడో అలాగే ఉందా పుస్తకంలో. ఇంకేముంది, అసభ్యం అని ప్రభుత్వం నిషేధించింది. పై సభలో దాని మీద రోజుల తరబడి చర్చ జరిగింది. ఒక సభ్యుడు పుస్తకంలోంచి చదివి వినిపించిన భాగాలని సభ రికార్డులోకి కూడా ఎక్కనివ్వలేదు. నిషేధాన్ని తప్పుపట్టిన తీర్మానం వీగిపోయింది.

అంతదాకా సరే, అది రాజధానిలో పెద్దలు చేసిన పని. ఊళ్ళో జరిగింది వింటే మనసు చివుక్కుమంటుంది. ముగ్గురు మతగురువులు ఆ గుడిసెకి వచ్చి, ఆ ముసలాయన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ఆయన దగ్గరున్న పుస్తకాన్ని ఆయన చేతనే పొయ్యిలో వేయించారు. ఏ పొయ్యి పక్కన కూర్చుని కథలు చెప్పాడో ఆ పొయ్యిలోనే! ఏళ్ళ తరబడి ఆ గడప తొక్కిన ఇరుగుపొరుగు రావడం మానేశారు. ఆయన 1945లో పోయాడు, రెండేళ్ళకి ఆవిడ పోయింది. నిషేధం 1960లలో ఎత్తేశారు. ఇవాళ ఆ పుస్తకాన్ని ఆ దేశంవాళ్ళు ముచ్చటగా చదువుకుంటారు. పాత పనివాళ్ళని తలుచుకుని మురిసిపోయేవాళ్ళు ఈ సంగతి కూడా తలుచుకోవాలని నా ఉద్దేశం. మనిషి బతికుండగా నోరు నొక్కి, పోయాక 'ఆహా ఎంతటి మాటకారి' అనడం ఒక్క దేశానికే పరిమితమైన అలవాటేం కాదు లెండి.

ఇక మన విషయానికి వద్దాం. కమ్మరి, వడ్రంగి, దర్జీ అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళ చేతిలో ఏ వృత్తీ లేదా? ఎందుకు లేదూ! ప్రతి ఊళ్ళోనూ ఒక మంత్రసాని ఉండేది. ఎక్కువగా పెద్ద వయసు వితంతువో, పదిమందిని కన్న తల్లో. పురుడు పోసి, బిడ్డకి స్నానం చేయించి, బాలింత లేచేదాకా ఇంటి వంట, పెద్దపిల్లల ఆలనా కూడా చూసేది. డబ్బు ఇవ్వగలిగినవాళ్ళు డబ్బు, లేనివాళ్ళు టీ పొడో బంగాళాదుంపలో ఇచ్చేవారు. ఎవరైనా పోతే శవానికి స్నానం చేయించి, బట్ట కట్టి పడుకోబెట్టేదీ ఆ తల్లే. ఊళ్ళోకి వచ్చేవాళ్ళని అందుకున్న చేతులే పోయేవాళ్ళని సాగనంపేవి. 1918లో చట్టం వచ్చింది. పరీక్ష పాసై పేరు నమోదు చేయించుకున్న నర్సులే పురుళ్ళు పోయాలని. మంచిదే. చేతులు శుభ్రంగా లేక బాలింత జ్వరంతో ఎంతమంది పోయారో. కాని చట్టం వచ్చాక కూడా బీదవాళ్ళు చాలా ఏళ్ళు రహస్యంగా ఆవిడనే పిలిచారు. కారణం మనకి తెలియనిదా? నర్సు పురుడు పోసి వెళ్ళిపోతుంది. పొయ్యి మీద గంజి ఎవరు పెడతారు?

రెండోది వెన్న. చిలకడం పూర్తిగా ఇల్లాలి రాజ్యం. చిలుకుతున్నప్పుడు గడపలో అడుగుపెట్టిన వాడెవడైనా, కమ్మరి కానివ్వండి దర్జీ కానివ్వండి, నాలుగు పోట్లు చిలికి తీరాలి. లేకపోతే వెన్న అదృష్టాన్ని ఎత్తుకుపోతాడట. ఆ వేళ ఇంట్లోంచి నిప్పు కూడా బయటికి ఇచ్చేవారు కాదు. మూఢనమ్మకమే అనుకోండి, నలుగురి చేతా పని చేయించుకునే ఉపాయం మటుకు భేషుగ్గా ఉంది. ఆ వెన్న అమ్మిన డబ్బు ఆవిడ చేతికే వచ్చేది. 1889లో లిమరిక్ జిల్లా డ్రమ్‌కొలోహర్‌లో మొదటి సహకార పాలకేంద్రం పెట్టారు. కొద్ది ఏళ్ళలో అవి దేశమంతా వచ్చాయి. యంత్రంతో తీసిన వెన్న శుభ్రంగానూ, ఒకే రుచితోనూ ఉండేది, ధర కూడా బాగా పలికేది. కాని పాలక్యాన్లు బండి మీద వేసుకుని వెళ్ళేది మగవాడు, డబ్బు ఇచ్చేదీ అతని పేరునే. ఇల్లాలికి చాకిరీ తగ్గింది, చేతిలో డబ్బూ తగ్గింది. ఆఖరికి ఆవిడకి మిగిలింది కోళ్ళు. బండి దుకాణంవాడు వారానికోసారి వస్తే గుడ్లు ఇచ్చి టీ పొడి, పంచదార తీసుకునేది. ఎన్నో ఇళ్ళలో పిల్లల చెప్పులు, పుస్తకాలు ఆ గుడ్ల డబ్బులోంచే వచ్చాయి.

అయితే ఒక చిత్రం. కొలిమి గురించి అన్ని పేజీలున్నాయి గదా, మంత్రసాని గురించి అంత లేదు. పురుటి మాటలు బడి పిల్లలతో చెప్పేవి కావు మరి. జానపద సంఘం వాళ్ళు పంపిన పూర్తికాలపు సేకర్తలు కూడా అందరూ మగవాళ్ళే. ఏ ఇల్లాలు పరాయి మగవాడిని కూర్చోబెట్టి కాన్పు విషయాలు చెబుతుంది?

ఈ పనివాళ్ళంతా ఎప్పుడు పోయారంటే, దాదాపు ఒకే ఇరవై ఏళ్ళలో. 1950లలో నాలుగు లక్షల పైచిలుకు జనం పని కోసం దేశం విడిచిపోయారు. 1961 జనాభా లెక్కల్లో తేలింది ఇరవై ఎనిమిది లక్షలే. బట్టలు కుట్టించుకునేవాళ్ళూ, చక్రాలు చేయించుకునేవాళ్ళూ ఓడలెక్కి పోయాక పనివాళ్ళు ఎవరికి చేస్తారు? గుర్రాల స్థానంలో ట్రాక్టర్లు వచ్చాయి. 1946 నుంచి పల్లెలకి కరెంటు ఇవ్వడం మొదలుపెట్టారు. మొదటి స్తంభం ఆ ఏడు నవంబరులో డబ్లిన్ జిల్లాలోని కిల్సాలహన్‌లో పాతారు. కరెంటు దీపం వచ్చాక కథలు పోయాయని బాధపడేవాళ్ళు ఉన్నారు. నేను మటుకు ఆ బాధలో పాలు పంచుకోను. బావి నుంచి నీళ్ళు మోసింది కథలు చెప్పినవాళ్ళు కాదు. అక్కడి పల్లె స్త్రీల సంఘం, అది 1910లో వెక్స్‌ఫర్డ్ జిల్లా బ్రీ గ్రామంలో పుట్టింది, కరెంటూ కుళాయిలూ కావాలని ఊరూరా ప్రచారం చేసింది. ఆ సంఘంలోనే మ్యూరియల్ గాహన్ అనే ఆవిడ ఉండేది. చేతిపనులు చచ్చిపోకూడదని 1930లో డబ్లిన్ నగరం నడిబొడ్డున 'కంట్రీ షాప్' అని ఒక దుకాణం పెట్టి, పల్లెల్లో నేసిన ఉన్నిబట్ట, అల్లిన బుట్టలు తెప్పించి అమ్మింది. ఆ దుకాణం 1978 దాకా నడిచింది. కుళాయి కావాలన్నవాళ్ళే మగ్గమూ ఉండాలన్నారు. రెండిటికీ విరోధం ఏముంది?

మైకు ముందు కూర్చునేదాన్ని గనుక ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. జానపద సంఘం సేకర్తలు ఎడిఫోన్ అనే బరువైన యంత్రాన్ని సైకిలు మీదా, కారులోనూ వేసుకుని మారుమూల ఇళ్ళకి పోయేవారు. అది మైనపు గొట్టాల మీద గొంతుని పట్టేది. ముసలివాళ్ళు చెబుతుంటే పట్టి, బసకి వచ్చి, గొట్టం తిప్పి తిప్పి విని, ప్రతి మాటా పుస్తకంలో ఎక్కించేవారు. కొత్త గొట్టాలు కొనడానికి సంఘం దగ్గర డబ్బు లేదు. అందుకని వ్రాయడం పూర్తయ్యాక పైపొర మైనం చెక్కేసి, ఆ గొట్టాన్నే మళ్ళీ వాడేవారు. 2017లో ఆ సంఘం సేకరణని యునెస్కో ప్రపంచ స్మృతుల జాబితాలో చేర్చింది. కమ్మరి చెప్పిన మాటలు, దర్జీ చెప్పిన కథలు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. వాళ్ళ గొంతులు మాత్రం చాలామటుకు ఆ చెక్కిన మైనంతో పోయాయి.